పట్టీలు చెప్పు మాట: ఎన్.సి.సి. వాయు విభాగమున హోదాలు, చిహ్నములు

స్వాతంత్ర్య దినోత్సవమునాడు నంద్యాలలో గాని, ఆళ్ళగడ్డలో గాని జెండా వందనమునకు వెళ్ళినవారు ఒక వింత గమనించియుందురు. మైదానమున బారులు తీరిన విద్యార్థులందరిది ఇంచుమించు ఒకే వయస్సు, ఒకే దుస్తు, ఒకే చదువు. అయినను వారిలో ఒక బాలిక ముందునకు వచ్చి ఆజ్ఞ ఇచ్చినంతనే ముప్పదిమంది ఒక్కసారిగా మడమ త్రిప్పుదురు. నిన్నటిదాక తరగతిలో ప్రక్కన కూర్చున్న పిల్ల మాటకు నేడు అంత విలువ ఎక్కడినుండి వచ్చినది? చూపరులు ఆమె చేతిపై కుట్టిన మూడు పట్టీలను చూతురు. అవి పరీక్షలో వచ్చిన బహుమతి వంటివని తలచి ఊరకుందురు.

ఆ పట్టీలు బహుమతులు కావు. అవి బాధ్యతకు గుర్తులు. ఎవరి మాట ఎవరు వినవలెనో చెప్పుట వాటి పనిలో సగము మాత్రమే. తప్పు జరిగినపుడు ఎవరు జవాబు చెప్పవలెనో చూపుట మిగిలిన సగము. ఎన్.సి.సి. అని మనమందరము పిలుచు జాతీయ విద్యార్థి సైనిక దళములో, ముఖ్యముగా దాని వాయు విభాగములో, ఈ హోదాలు ఏవి, వాటి చిహ్నములు ఎట్లు చదువుకొనవలెను, వాటి హద్దులేవి అనునవి ఈ ప్రసంగమునకు విషయములు. మన వీధులలో ఎక్కువగా కనబడునది పదాతి విభాగపు కాకీ దుస్తే గనుక నీలి దుస్తుల వాయు విభాగపు పేర్లు చాలమందికి క్రొత్త. కాని కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు పోవు రహదారిపైననే ఓర్వకల్లు వద్ద 2021 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైనది. దానికి ఈ గడ్డపై పుట్టి 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. విమానము మన ఊరి దరికి వచ్చినది. ఇక విమానముల లోకపు భాష మన ఇండ్లకు రావలసియున్నది.

ముందుగా కొంత పూర్వకథ. మన దేశమున విద్యార్థులకు సైనిక శిక్షణ మొదటి ప్రపంచ యుద్ధ కాలమున, 1917లో విశ్వవిద్యాలయ దళముతో ఆరంభమైనది. స్వాతంత్ర్యము సమీపించినపుడు పండిత హృదయనాథ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ శిక్షణను దేశవ్యాప్తముగ, పాఠశాలలనుండియే నెలకొల్పవలెనని 1947లో సిఫారసు చేసెను. ఆ మీదట 1948లో శాసనము వచ్చి ఎన్.సి.సి. పుట్టినది. బాలికల విభాగము 1949లోను, వాయు విభాగము 1950 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తాలలో ఒక్కొక్క స్క్వాడ్రనుతోను, నౌకా విభాగము 1952లోను చేరినవి. 1962 నాటి చైనా దండయాత్ర తరువాత 1963లో ఈ శిక్షణను నిర్బంధము చేసి, మరల 1968లో ఐచ్ఛికము చేసిరి. నేడు అది విద్యార్థి ఇష్టముపై ఆధారపడినదే. దళములో చేరినంతమాత్రమున యుద్ధరంగమునకు పోవలసిన బాధ్యత ఎవరికిని లేదు. ఈ సంగతి తెలియక వెనుదీయు తలిదండ్రులు ఇప్పటికిని ఉన్నారు గనుక దీనిని ముందే చెప్పుట మంచిది.

దళపు జెండాలో మూడు నిలువు రంగులు గలవు. ఎరుపు పదాతి విభాగమునకు, ముదురు నీలము నౌకా విభాగమునకు, లేత నీలము వాయు విభాగమునకు గుర్తులు. వాయు విభాగమున ముఖ్యమైన యూనిట్టు స్క్వాడ్రను. ఇటాలియను భాషలో చతురస్రముగ నిలిచిన దళమను అర్థముగల మాటనుండి ఈ పేరు పుట్టి, అశ్వదళముల మీదుగా విమాన దళములకు చేరినది. స్క్వాడ్రనులోని భాగము ఫ్లయిట్. ఇక్కడ ఫ్లయిట్ అనగా ప్రయాణము కాదు. ఒక నాయకుని క్రింద నడచు చిన్న జట్టు. విమానములు, వాటిని తెలిసిన అధ్యాపకులు అందుబాటులో ఉన్న చోటనే వాయు స్క్వాడ్రను నడపుట సులభము. అందుచేతనే సికిందరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో అవి నెలకొన్నవి. వాయు విభాగపు విద్యార్థులు కవాతుతో పాటు విమానము గాలిలో నిలుచుటకు గల సూత్రములు, వాతావరణ శాస్త్రము, నమూనా విమానముల నిర్మాణము నేర్చుకొందురు. అవకాశమున్న చోట మైక్రోలైట్ అను తేలిక విమానములో శిక్షకుని ప్రక్కన కూర్చుండి ఆకాశమునకు ఎగురుదురు.

ఇక హోదాల మెట్లు. కళాశాల స్థాయి వాయు విభాగమున క్రిందినుండి పైకి ఇవి: ఫ్లయిట్ కేడెట్, లీడింగ్ ఫ్లయిట్ కేడెట్, కేడెట్ కార్పొరల్, కేడెట్ సార్జెంట్, కేడెట్ వారంట్ ఆఫీసర్, కేడెట్ అండర్ ఆఫీసర్, కేడెట్ సీనియర్ అండర్ ఆఫీసర్. పేర్లు పరదేశపువి. కాని విప్పి చూచినచో ఒక్కొక్క పేరులో ఒక్కొక్క ఉపదేశము దాగియున్నది.

కేడెట్ అనునది ఫ్రెంచి మాట. ఇంటిలో చిన్న కుమారుడని దాని అర్థము. ఆస్తి పెద్దవానికి పోవు ఆనాటి సమాజమున చిన్నవాడు తన బ్రతుకు తాను చూచుకొనుటకు సైన్యమున చేరెడివాడు. కనుక కేడెట్ అనగా నేర్చుకొనుటకు వచ్చిన తమ్ముడు, చెల్లెలు అని మనము చెప్పుకొనవచ్చును. కార్పొరల్ అను పేరు తల అను అర్థముగల ఇటాలియను మాటనుండి వచ్చినది. చిన్న జట్టుకు తలగా నిలుచువాడు కార్పొరల్. నంద్యాల బియ్యపు మిల్లులలో హమాలీల ముఠాకు మేస్త్రీ ఉండును. అతడు తానును బస్తా మోయును, ముఠా తరఫున జవాబును చెప్పును. కార్పొరల్ పని సరిగా అట్టిది.

సార్జెంట్ అను మాట మరింత ఆలోచింపదగినది. లాటిను భాషలో సేవ చేయువాడని దానికి మూలార్థము. మూడు పట్టీలు వేసికొని ముప్పదిమందిని నడపు వ్యక్తికి ప్రాచీనులు పెట్టిన పేరు సేవకుడు! ఇది మనకు వింత కాదు. నందుల పేర ప్రసిద్ధి కెక్కిన నంద్యాల ప్రాంతమువారికి శివాలయమున నందికి దక్కిన ముందుచోటు తెలిసినదే. ఆ చోటు స్వామిని మోయువాడగుట చేతనే అతనికి దక్కినది. వారంట్ అనగా వ్రాతపూర్వకమైన అధికారపత్రము. వారంట్ ఆఫీసర్ అధికారము అట్టి పత్రమువలన కలిగినదని ఆ పేరు చెప్పుచున్నది. అండర్ ఆఫీసర్ అనగా అధికారి చేతిక్రింద ఉండి, అతని ఆజ్ఞలను విద్యార్థులకును, విద్యార్థుల కష్టములను అతనికిని చేర్చువాడు. సీనియర్ అండర్ ఆఫీసర్ విద్యార్థులలో అందరికంటె పెద్ద. కాని ఆ పెద్దకును పైన అధికారి గలడు.

చిహ్నముల విషయమునకు వత్తము. కార్పొరల్ చేతికి రెండు పట్టీలు, సార్జెంట్ చేతికి మూడు పట్టీలు. మొన క్రిందికి తిరిగిన బాణపు ఆకారమున భుజమునకు దిగువ కుట్టబడును. ఇవి మనకు పరిచితములే. సైన్యమున నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు పట్టీలుండును. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ చేతికి మూడు పట్టీలు చూచియేయున్నాము. నాయక్ అను పేరు మన నాయక శబ్దమే. విజయనగర రాజుల నాటి అమరనాయకులను ఎరిగిన సీమ మనది. ఇక అండర్ ఆఫీసర్ స్థాయికి వచ్చుసరికి చిహ్నము చేతినుండి భుజముపైకి ఎక్కును. చేతిపై గుర్తు జట్టులో ఒకడై పనిచేయువానిది, భుజముపై గుర్తు జట్టు భారమును మోయువానిది అని జ్ఞాపకముంచుకొనిన తికమక ఉండదు.

చిహ్నమును చదువుట ఒక విద్య. ఆ విద్య ఆళ్ళగడ్డ శిల్పులకు తరతరములుగా తెలిసినదే. కేశవ, నారాయణ, మాధవ అని మనము సంధ్యావందనమున చెప్పుకొను ఇరువదినాలుగు విష్ణుమూర్తులకు శిల్పశాస్త్రమున వేర్వేరు రూపములు లేవు. నాలుగు చేతులు, నాలుగు గుర్తులు: శంఖము, చక్రము, గద, పద్మము. ఏ చేతిలో ఏది ఉన్నదను క్రమమును బట్టియే మూర్తి పేరు మారును. నాలుగు వస్తువులను నాలుగు చేతులలో అమర్చు విధములు సరిగా ఇరువదినాలుగే గదా! శిల్పి ఒక చేతి గుర్తును తారుమారు చేసెనా, కేశవుడు కేశవుడుగా నిలువడు. దుస్తులపై పట్టీల నియమము కూడ ఇట్టిదే. గుడ్డ ఒకటే, దారము ఒకటే. ఎన్ని, ఎక్కడ అనునవి రెండే పేరును నిర్ణయించును. అందుచేతనే పట్టీ వంకరగా కుట్టుకొనినను, తనది కాని గుర్తు ధరించినను దళమున అది చిన్న తప్పుగా ఎంచబడదు. అబద్ధపు గుర్తు చూచువారిని మోసగించును. ఆపద వేళ ఎవరిని అడుగవలెనో తెలియకుండ చేయును.

విద్యార్థులకు పైన అధికారులు గలరు. వారిలో మొదట చెప్పదగినవారు సహ ఎన్.సి.సి. అధికారులు. వారు ఎవరో కాదు, మన పిల్లలకు గణితమో చరిత్రయో బోధించు ఉపాధ్యాయులే. కాంప్టీలోను, గ్వాలియరులోను గల శిక్షణాలయములు ఇట్టి అధ్యాపకులను తీర్చిదిద్దుటకే ఏర్పడినవి. పాఠశాల స్థాయిలో వారికి థర్డ్ ఆఫీసర్ మొదలు చీఫ్ ఆఫీసర్ వరకు హోదాలున్నవి. కళాశాల వాయు విభాగమున ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లయిట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్ అను వాయుసేన పేర్లే వాడుదురు. స్క్వాడ్రనును నడపువారు వాయుసేననుండి వచ్చిన అధికారులు.

వీరి భుజములపై అడ్డముగా ఉండు పట్టీలను లెక్కించుట సులభము. ఫ్లయింగ్ ఆఫీసరుకు ఒకటి, ఫ్లయిట్ లెఫ్టినెంటుకు రెండు, స్క్వాడ్రన్ లీడరుకు రెండు వెడల్పు పట్టీల నడుమ ఒక సన్ననిది, వింగ్ కమాండరుకు మూడు, గ్రూప్ కెప్టెనుకు నాలుగు. ఈ లెక్క మొదట సముద్రముపై పుట్టినది. 1918లో ఏర్పడిన బ్రిటిషు వాయుసేన తన నౌకాదళ అధికారుల చేతి వలయములను చూచి ఈ పట్టీలను కల్పించుకొనెను. 1932 అక్టోబరు 8న ఏర్పడిన మన వాయుసేన ఆ పద్ధతిని స్వీకరించెను. హైదరాబాదులో చదువుకొని 1984 ఏప్రిల్‌లో రోదసిలో విహరించిన రాకేశ్ శర్మ ఆనాడు స్క్వాడ్రన్ లీడర్. హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978లో ఎయిర్ చీఫ్ మార్షల్ హోదాతో వాయుసేనకు అధిపతి ఆయెను. ఈ మెట్ల వరుస ఎంత ఎత్తునకు పోవునో చూపుటకు ఈ రెండు పేర్లు చాలును.

సెల్యూటు విషయమున ఒక అపోహ గలదు. మూడు పట్టీల విద్యార్థి కనబడగానే తోటివారు సెల్యూటు చేయవలెనని కొందరు తలతురు. అది సరి కాదు. సెల్యూటు అధికారపత్రము పొందిన ఆఫీసర్లకు చెందును. అది కూడ వ్యక్తికి కాక, ఆ వ్యక్తి ధరించిన బాధ్యతకు చేయు వందనము. కనుక కార్పొరల్‌గా ఎదిగిన కుమారుడు ఇంటిలో చెల్లెలిపై పెత్తనము చేసినచో అతడు తన చిహ్నమును తప్పుగా చదువుకొన్నవాడే.

హోదాతో కలిపి పొరబడునది మరొకటి గలదు: సర్టిఫికెట్టు. పాఠశాల స్థాయిలో రెండేండ్ల శిక్షణ తరువాత ‘ఎ’, కళాశాలలో ‘బి’, పిదప ‘సి’ సర్టిఫికెట్లకు పరీక్షలుండును. సర్టిఫికెట్టు నేర్చిన విద్యకు సాక్ష్యము. హోదా ఇతరులను నడపు బాధ్యత. 1941 ఫిబ్రవరిలో ఏర్పడిన బ్రిటిషు ఎయిర్ ట్రైనింగ్ కోర్ ఈ రెంటిని స్పష్టముగా వేరుచేసినది. అక్కడ చదువులో ముందున్న విద్యార్థికి చదువు గుర్తు ఒకటి, జట్టును నడపువానికి హోదా గుర్తు ఒకటి వేర్వేరుగా లభించును. మన దగ్గరను ఇదే సూత్రము. వాయు విభాగపు ‘సి’ సర్టిఫికెట్టు గల పట్టభద్రులకు వాయుసేన అధికారుల ఎంపికలో వ్రాతపరీక్ష లేని ప్రత్యేక ద్వారము గలదు. అయితే ఎంపిక మండలి పరీక్షలు, వైద్య పరీక్ష మాత్రము తప్పవు. హోదా రానివారికిని సర్టిఫికెట్టు రావచ్చును. స్క్వాడ్రనులో సీనియర్ అండర్ ఆఫీసర్ చోట్లు కొన్నియే గనుక హోదా రాలేదని నిరుత్సాహపడు పిల్లలకు ఈ భేదము పెద్దలు చెప్పవలెను.

ఇన్ని మెట్లు ఎందులకని ఎవరైన అడుగవచ్చును. విమానమే దానికి సమాధానము. భూమిపై బండి చెడినచో ప్రక్కకు లాగి ఆపవచ్చును. గాలిలో అట్టి వీలు లేదు. కనుక ఎగురుటకు ముందే ఎవరు ఏమి పరీక్షించిరి, ఎవరు సరియని సంతకము చేసిరి, ఎవరు బయలుదేరుమని ఆజ్ఞ ఇచ్చిరి అనునది తేటతెల్లముగ ఉండవలెను. హోదా ఈ ప్రశ్నలకు సమాధానమును దుస్తులపైననే వ్రాసి ఉంచును.

అయితే హోదా గొంతు నొక్కు సాధనమైనచో అదే హోదా ప్రాణములు తీయును. 1977 మార్చి 27న కేనరీ ద్వీపములలోని టెనెరిఫె విమానాశ్రయమున దట్టమైన పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానములు ఒకే రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. బయలుదేరిన విమానపు కెప్టెను తన సంస్థలో మిక్కిలి పేరు గడించిన పైలెట్టు. ఎదుటి విమానము ఇంకను రన్‌వే వదలలేదేమో అని అతని ఫ్లయిట్ ఇంజనీరు సందేహము తెలిపెను. కెప్టెను నిస్సంశయముగ బదులు చెప్పుటతో క్రిందివాడు మరల నోరెత్తలేదు. విమానము సాగిపోయెను. ఈ ఘోరము తరువాత ప్రపంచములోని విమాన సంస్థలు ఒక క్రొత్త శిక్షణను ప్రారంభించినవి: చిన్న హోదావాడు సందేహమును గట్టిగా చెప్పుట నేర్చుకొనవలెను, పెద్ద హోదావాడు దానిని వినుట నేర్చుకొనవలెను. ఆజ్ఞ పైనుండి క్రిందికి వచ్చును. ప్రమాదపు వార్త క్రిందినుండి పైకి పోవలెను. రెండవ దారి మూసుకొనినచో మొదటి దారివలన ప్రయోజనము లేదు. ఒక్క పట్టీయైన లేని ఫ్లయిట్ కేడెట్ వదులైన మరను చూచి ‘ఆగండి’ అని చెప్పగలిగినపుడే ఆ ఫ్లయిట్ సరియైన ఫ్లయిట్ అనవలెను.

ఈ పాఠము విమానముల వరకే పరిమితము కాదు. మన సీమలో మనిషి హోదాను ఇంటిపేరు, ఆస్తి, వెనుక నడచు బలగము అనువాటితో కొలుచు అలవాటు చిరకాలముగ ఉన్నది. ఆ కొలతవలన ఎన్ని కుటుంబములు నష్టపోయినవో నంద్యాల, ఆళ్ళగడ్డల వారికి ఎవరును చెప్పనక్కరలేదు. కవాతు మైదానమున ఆ కొలతలు చెల్లవు. అక్కడి పట్టీ తండ్రినుండి రాదు, కుమారునికి పోదు. హాజరు, శిక్షణ, శిబిరమున ప్రవర్తన చూచి ఇత్తురు. తప్పు చేసినచో తీసివేయుదురు. చదువు ముగియగానే తిరిగి ఇచ్చివేయవలెను. కౌలురైతు కుమార్తె సార్జెంట్ కావచ్చును. భూస్వామి కుమారుడు ఆమె ఆజ్ఞకు మడమ త్రిప్పవచ్చును. సాయంకాలము ఇద్దరును ఒకే బస్సులో ఊరికి పోవచ్చును. హోదా సంపాదించుకొనవలసినదేగాని పుట్టుకతో వచ్చునది కాదని పదునారేండ్ల ప్రాయమున అనుభవముచే తెలిసికొనిన పిల్లలు పెరిగి పెద్దలైనపుడు ఊరి కొలతలు కొంతయైన మారును. దళమునకు ‘ఏకత, అనుశాసనము’ అను రెండు మాటలు ధ్యేయముగ ఉన్నవి. రెండవది లోపించినచో మొదటిది నిలువదని పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు.

మీ ఇంటి పిల్లవాడో, పిల్లయో చేతికి క్రొత్తగా పట్టీ కుట్టించుకొని వచ్చినపుడు సంతోషింపుడు, మిఠాయి పంచుడు. పిమ్మట రెండు ప్రశ్నలడుగుడు. ‘నీ క్రింద ఎందరున్నారు? వారి పేర్లు, వారి కష్టములు నీకు తెలియునా?’ అనునది మొదటిది. ‘నీవు పొరపాటు చేసినపుడు వారిలో ఎవరైన ఆ మాట నీ ముఖముపైననే చెప్పగలరా?’ అనునది రెండవది. రెంటికిని అవునని సమాధానము వచ్చినచో ఆ పట్టీ తగిన చేతికే చేరినదని నిశ్చయముగ నమ్మవచ్చును.